ప్రవేశ లేఖ రాకముందే అప్పుకు హద్దు గీసుకోండి

ప్రశ్న: నమస్కారమండి. మాది కోనసీమలో గౌతమి ఒడ్డున ఉన్న ఒక లంక గ్రామం. నా వయసు ఇరవై ఏడు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో రెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. అది మానుకుని మూడేళ్లుగా మా ప్రాంతంలో కౌలు రైతులకు సాగుదారు హక్కు పత్రాలు, పంట రుణాలు ఇప్పించే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. పబ్లిక్ పాలసీలో (ప్రభుత్వ విధానాల అధ్యయనంలో) మాస్టర్స్ చదివి, తిరిగొచ్చి ఇక్కడే పనిచేయాలని నా కోరిక. గత డిసెంబరు, జనవరి నెలల్లో అమెరికాలో నాలుగు, బ్రిటన్‌లో ఒకటి, మొత్తం ఐదు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేశాను. ఇప్పటికి రెండు కాదన్నాయి. ఒకటి వెయిట్‌లిస్టులో పెట్టింది. అమెరికాలోనిదే మరొకటి సీటిచ్చింది గాని ట్యూషన్ ఫీజులో నాలుగో వంతు మాత్రమే తగ్గించి, ఏప్రిల్ 15లోపు జవాబు చెప్పమంది. అన్నిటికన్నా ఎక్కువగా నేను కోరుకున్నది మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. రాత్రి రెండింటికి లేచి మెయిల్ చూసుకుంటున్నాను. మా నాన్నగారు "తోటలో అరెకరం చెక్క అమ్మేద్దాం, చాలకపోతే నోటు రాసి తెద్దాం, నువ్వు దిగులు పడకు" అంటున్నారు. బంధువులు "ఇదేం చదువమ్మా, గ్రూప్ వన్ రాసుకోవచ్చు కదా" అంటున్నారు. జవాబివ్వని విశ్వవిద్యాలయానికి నేనే రాయవచ్చా? వచ్చిన సీటు తీసుకోవాలా? ఈ నెల రోజులు ఎలా గడపాలి? — ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నా మనసు మీ నిద్రలేని రాత్రుల దగ్గర ఆగింది, రెండోసారి నాన్నగారి మాట దగ్గర ఆగింది. ఎదురుచూపుల గురించి మీరడిగినవాటికి సమాధానాలు సులువే కనుక వాటిని ముందు చెబుతాను. అరెకరం చెక్క గురించి మాత్రం ఎక్కువసేపు మాట్లాడవలసి ఉంది. మిమ్మల్ని చేర్చుకోవాలా వద్దా అన్నది ఆ విశ్వవిద్యాలయం తేల్చుకుంటుంది, అందులో మీరు చేయగలిగింది డిసెంబరులోనే చేసేశారు. ఆ చదువుకు మీ ఇల్లు ఎంతవరకు చెల్లించగలదన్నది మాత్రం మీరూ నాన్నగారూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం, అదీ లేఖ వచ్చాక కాదు, రాకముందే.

ముందు నిద్ర సంగతి. మార్చి రెండో ఆదివారం నాడు అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. అప్పటినుంచి తూర్పు తీరానికీ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు. అక్కడ ఉదయం తొమ్మిదింటికి ఆఫీసు తెరిస్తే మనకు సాయంత్రం ఆరున్నర అవుతుంది, ఐదింటికి మూస్తే మనకు తెల్లవారుజామున రెండున్నర అవుతుంది. పశ్చిమ తీరంలోని విశ్వవిద్యాలయమైతే ఆ మూసే వేళ మనకు ఐదున్నర. అంటే, ఉదయం ఏడింటికి ఒక్కసారి చూసుకుంటే ఆ రోజుకు రావలసినదంతా వచ్చేసి ఉంటుంది. శనివారం ఉదయం చూశాక మళ్లీ మంగళవారం ఉదయం దాకా చూడవలసిన పనే లేదు, ఎందుకంటే ఆ మధ్యలో వాళ్లకు శని, ఆదివారాలు వస్తాయి. జవాబు చెప్పడానికి వాళ్లిచ్చే గడువు రోజుల్లోనూ వారాల్లోనూ ఉంటుంది గనుక, రెండింటికి లేచి చూసినందువల్ల మీకు కలిసివచ్చే మేలు ఏదీ లేదు. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ అమ్మగారి దగ్గర పెట్టి పడుకోండి.

జవాబు రాకపోవడాన్ని తిరస్కారంగా అనుకోవద్దు. ఈ కోర్సులకు గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తుంది, ఫలితాలు ఫిబ్రవరి చివరినుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా వస్తూనే ఉంటాయి. ఒక్కొక్క దరఖాస్తును ఒకరికి మించి చదువుతారు, తరవాత కమిటీ కూర్చుంటుంది, స్కాలర్‌షిప్పులు ఎవరికెంత అన్నది చాలాచోట్ల విడిగా నిర్ణయిస్తారు. అందరికీ ఒకేరోజు చెప్పే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి, విడతలవారీగా చెప్పేవీ ఉన్నాయి. మీతోపాటు దరఖాస్తు చేసిన స్నేహితురాలికి కబురు వచ్చి మీకు రాకపోతే, దాన్నిబట్టి మీ ఫలితం ఏమిటో ఊహించడానికి కుదరదు.

మీరు రాయవచ్చు, కాని ఎప్పుడు, ఏమని అన్నది ముఖ్యం. ఫలితాలు ఎప్పటికల్లా చెబుతామని వాళ్ల వెబ్‌సైటులో రాసి ఉంటే ఆ తేదీ దాటేదాకా రాయకండి. దాటాక నాలుగు వాక్యాలు చాలు: మీ పేరు, దరఖాస్తు సంఖ్య, మరో విశ్వవిద్యాలయానికి ఏప్రిల్ 15లోపు జవాబు చెప్పవలసి ఉన్నదన్న సంగతి, నిర్ణయం ఎప్పుడు రావచ్చో తెలపమన్న అభ్యర్థన. మీరెంత ఆతృతగా ఉన్నారో, ఈ చదువు మీకెంత అవసరమో అందులో రాయకండి, అదంతా డిసెంబరులో పంపిన వ్యాసంలోనే ఉంది. ప్రవేశాల కార్యాలయంలో పనిచేసేవాళ్లకు ఇలాంటి ఉత్తరం రోజూ వస్తుంది, వాళ్లు దాన్ని తప్పుగా తీసుకోరు.

ఏప్రిల్ 15 గురించి ఒక మాట. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే సంస్థ తీర్మానం ఒకటుంది. దానికి సమ్మతించిన విశ్వవిద్యాలయాలు, ఆర్థిక సహాయంతో సీటు ఇవ్వజూపిన విద్యార్థిని ఏప్రిల్ 15కు ముందే తేల్చిచెప్పమని బలవంతపెట్టవు. మీ గడువు కూడా ఆ తేదీనే కావడం మీకు కలిసొచ్చిన విషయం. కాబట్టి మార్చిలోనే ఒప్పుకుని తిరిగిరాని డిపాజిట్ కట్టేయకండి. ఆ డిపాజిట్ తక్కువ మొత్తమేమీ కాదు, దాన్ని వదులుకోవలసి వస్తుందేమో అన్న జంకుతోనే తమకు నప్పని చోట చేరిపోయినవాళ్లను నేను చూశాను.

వెయిట్‌లిస్టులో పెట్టిన విశ్వవిద్యాలయానికి మాత్రం, వాళ్లు వద్దని చెప్పి ఉండకపోతే, ఈ వారంలోనే ఒక పేజీ ఉత్తరం రాయండి. అందులో దరఖాస్తు పంపిన తరవాత జరిగిన కొత్త విషయం ఏదైనా ఉండాలి. డిసెంబరు తరవాత మీరు ఎన్ని గ్రామాలు తిరిగారు, ఎంతమంది కౌలుదారుల పేర్లు ప్రభుత్వ పంటల నమోదైన ఈ-పంటలో ఎక్కించగలిగారు, ఎంతమంది విషయంలో భూయజమాని సంతకం దగ్గర పని ఆగిపోయింది, ఆగిపోయినచోట మీరేం చేశారు అన్నది అంకెలతో రాయండి. 2011లో మన రాష్ట్రంలో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం పత్రం రావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి, పెట్టినా అది పదకొండు నెలలకే చెల్లుతుంది. ఒకే సమస్యకు ఎనిమిదేళ్ల తేడాతో రెండు చట్టాలు రావడం, రెండోదాన్ని రైతుల గుమ్మాల దగ్గర నిలబడి మూడేళ్లపాటు మీరు చూడడం మామూలు అనుభవం కాదు. ఎక్కడో ఒక కమిటీ ముందున్న వందల దరఖాస్తుల్లో అలాంటి మనిషి మరొకరు ఉండకపోవచ్చు. ఆ ఉత్తరంలో వేడుకోవలసిన అవసరం లేదు, సీటిస్తే తప్పకుండా చేరతానని రాయాలంటే మాత్రం అది నిజమైతేనే రాయండి.

కాదన్న రెండింటి గురించి ఆలోచించడం మానేయండి. కారణం వాళ్లు చెప్పరు, మీరు వెతికినా దొరకదు.

బంధువుల మాటకు నొచ్చుకోకండి. ఈ చదువు మన జిల్లాల్లో వినబడని పేరు కావడానికి కారణం ఉంది. హార్వర్డ్‌లో ఇలాంటి పాఠశాల 1936లోనే మొదలైనా, సింగపూర్‌లోని లీ క్వాన్ యూ పాఠశాల 2004లోనూ ఆక్స్‌ఫర్డ్‌లోని బ్లావట్నిక్ పాఠశాల 2010లోనూ వచ్చాయి. బెంగళూరు నేషనల్ లా స్కూల్ ఈ మాస్టర్స్ కోర్సును 2014లో మొదలుపెట్టింది. మీ మావయ్యగారు అడిగితే కాటన్ దొర పేరు చెప్పండి, మన డెల్టాలో ఆ పేరు తెలియనివాళ్లు ఉండరు. ఆయన ధవళేశ్వరం దగ్గర నదిని కొలిచి, ఆనకట్టకు ఎంత ఖర్చవుతుంది, కాలువలు పారితే ఎంత భూమి సాగులోకి వస్తుంది, ప్రభుత్వానికి తిరిగి ఎంత రాబడి వస్తుంది అని లెక్కకట్టి నివేదిక ఇచ్చాడు. ఆ తరవాతే 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఆ నివేదిక రాయడానికి కావలసిన విద్యనే ఇప్పుడు రెండేళ్ల కోర్సుగా చెబుతున్నారని చెప్పండి. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2011 ఉంది. గిట్టుబాటు ధర లేక, కూలి ఖర్చులు పెరిగి, మురుగు కాలువలు పూడిపోయి, కోనసీమ రైతులు ఆ ఏడు సార్వా (ఖరీఫ్) పంట వేయబోమని విరామం ప్రకటిస్తే, ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ కమిటీ ముందున్న ప్రశ్నలే మీరు చదవబోయే పాఠాలు: ఒక నిర్ణయం వల్ల ఎవరికి మేలు, ఎవరికి నష్టం, ఖర్చు ఎవరు భరిస్తారు, చివరికి వచ్చిన ఫలితం ఆ నిర్ణయం వల్లే వచ్చిందా, వేరే కారణం వల్ల వచ్చిందా. అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, సంస్థలు నడిచే తీరు నేర్పేది ఇందుకే. గ్రూప్ వన్ కూడా మంచి దారే, బంధువులు చెడ్డ సలహా ఇవ్వలేదు. అయితే అది ఉద్యోగానికి పరీక్ష, ఇది ఒక విద్య, ఒకటి రెండోదానికి అడ్డు కాదు.

ఇక తోట సంగతికి వస్తాను.

నేను మీ వయసులో ఉన్నప్పుడు ఫలితాలు తపాలాలో వచ్చేవి. పలచటి కవరైతే లేదని, బరువైన కవరైతే సీటొచ్చిందని అర్థం. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో పోస్టుమాను సైకిలు గంట వినబడితే నేను వీధిలోకి పరుగెత్తేదాన్ని. ఒక రోజు బరువైన కవరు వచ్చింది, ఇంటిల్లపాదీ కంటతడి పెట్టుకున్నాం. అందులో ఆర్థిక సహాయం గురించి ఒక్క ముక్క లేదన్నది ఆ సంతోషంలో ఎవరమూ పట్టించుకోలేదు. నాన్న మూడోరోజుకల్లా తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి డబ్బు తెచ్చారు. వద్దు అనడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే కవరు అప్పటికే వచ్చేసింది, ఊరందరికీ తెలిసిపోయింది, ఇక ఆగితే ఆ సీటును కాలదన్నుకున్నట్టే అనిపించింది. చదువు బాగా సాగింది, తిరిగొచ్చి కాకినాడలో ఉద్యోగంలో చేరాను. ఆ నోటు తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది, మధ్యలో మాకు ఎకరం భూమి పోయింది. నాన్న ఒక్కరోజు కూడా నన్ను ఒక మాట అనలేదు, ఆ అనకపోవడమే ఇప్పటికీ నాలో మిగిలిపోయింది. ఆ కవరు రావడానికి నెల ముందే మేమిద్దరం అరుగుమీద కూర్చుని, ఇంతకు మించి అప్పు చేయం అని ఒక్క మాట అనుకుని ఉంటే, ఆ రోజు నాకు వద్దనడం సాధ్యమయ్యేది. మీకు ఆ నెల ఇంకా మిగిలి ఉంది.

లెక్క చూద్దాం. అమెరికాలో పేరున్న పబ్లిక్ పాలసీ పాఠశాలలో రెండేళ్ల ఫీజు, బస, భోజనం, ఆరోగ్య బీమా కలిపితే మొత్తం కోటి రూపాయలకు అటూ ఇటూగా తేలడం అరుదు కాదు. ఫీజులో నాలుగో వంతు తగ్గినా మిగిలేది పెద్ద మొత్తమే. బ్యాంకు వడ్డీ ఏడాదికి 11 శాతం, తీర్చే గడువు పదేళ్లు అనుకుంటే, తీసుకున్న ప్రతి పది లక్షలకూ నెలకు దాదాపు 13,775 రూపాయల వాయిదా పడుతుంది. చదువుకునే కాలంలో పోగయ్యే వడ్డీ దీనికి అదనం. ఎనభై లక్షలైతే నెలకు లక్షా పదివేలు. నాన్నగారు అంటున్న నోటు సంగతి ఇంకా కఠినం. నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది గాని అది ఏడాదికి 24 శాతం. పది లక్షలకు నెలకు ఇరవై వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

భూమి తాకట్టు పెడితే బ్యాంకు ఇస్తుంది కదా అని నాన్నగారు అనుకుంటూ ఉండవచ్చు. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా స్థిరాస్తి తాకట్టు అడుగుతారన్నది నిజమే, కాని బాకీ తీరకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు గనుక, అలాంటి భూమిని ఈ రుణాలకు తాకట్టుగా తీసుకోవడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు. ఇల్లు, ఇంటి స్థలం అడుగుతాయి. పైగా వీసాకు ముందు విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం ఇవ్వాలంటే మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము సిద్ధంగా ఉన్నట్టు చూపాలి, చేను ఎంత ఉన్నా అది చేతిలో సొమ్ము కింద లెక్కకు రాదు. మన పల్లెల్లో పిల్లల చదువులకు పొలాలు తాకట్టుకు వెళ్లకుండా సరాసరి అమ్మకానికి వెళ్లడం వెనక ఈ కారణాలు ఉన్నాయి. విదేశాల్లోని ఎంపిక చేసిన విశ్వవిద్యాలయాలకు తాకట్టు లేకుండానే పెద్ద మొత్తం ఇచ్చే బ్యాంకులు కూడా కొన్ని ఉన్నాయి. మీకు సీటిచ్చిన విశ్వవిద్యాలయం వాళ్ల జాబితాలో ఉందేమో అమలాపురం వెళ్లి అడిగి రండి. అయితే తాకట్టు లేనంతమాత్రాన వాయిదా తగ్గదు.

సాఫ్ట్‌వేర్ చదువుకు వెళ్లినవాళ్లు రెండు మూడేళ్లలో అప్పు తీర్చేశారు కదా అని ఊళ్లో అంటారు. ఈ చదువు దారి వేరు. అమెరికాలో పబ్లిక్ పాలసీ పట్టభద్రులను ఎక్కువగా తీసుకునేవాటిలో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఒకటి, ఆ ఉద్యోగాలు దాదాపుగా ఆ దేశ పౌరులకే. విదేశీ విద్యార్థికి చదువు తరవాత పని చేసుకోవడానికి ఏడాది గడువిస్తారు. సాంకేతిక విద్యగా గుర్తించిన కోర్సులకే మరో రెండేళ్లు పొడిగింపు దొరుకుతుంది. పాలసీ కోర్సుల్లో అలా గుర్తింపు ఉన్నవి కొన్నే, మీ కోర్సు వాటిలో ఉందో లేదో ఒక్క మెయిల్‌తో తెలుసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, తిరిగొచ్చి ఇక్కడే పనిచేయాలన్నది మీ కోరిక. డాలరు జీతంతో తీర్చవలసిన అప్పు నెత్తిన ఉంటే ఆ కోరికను వాయిదాలే వాయిదా వేయిస్తాయి. కౌలు రైతుల కోసం చదవడానికి వెళ్లిన మనిషి అప్పు తీరేదాకా మరెక్కడో మరేదో పని చేస్తూ ఉండిపోవలసి వస్తుంది.

లంక గ్రామంలో పుట్టినవారికి వరద సంగతి నేను చెప్పనక్కరలేదు. గోదావరి నీటిమట్టం భద్రాచలం దగ్గర 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. ఈ అంకెలను నీళ్లు వచ్చిన రోజున కూర్చుని నిర్ణయించలేదు. నీళ్లు లేని రోజుల్లో ప్రశాంతంగా నిర్ణయించి, స్కేలుమీద గీసిపెట్టారు గనుకనే, ఏ గీత దాటితే పశువులను గట్టెక్కించాలో, ఏ గీత దాటితే ఇల్లు వదలాలో 2022 జూలై వరదలో మీ ఊళ్లో ఎవరినీ అడగవలసిన అవసరం రాలేదు. మీ అప్పుకు కూడా అలాగే మూడు గీతలు గీసుకోండి. మొదటిది, మీరు తిరిగొచ్చి ఇక్కడ చేయదలచిన ఉద్యోగపు జీతంలో మూడో వంతుతో తీర్చగలిగే వాయిదా. అంతలోపు అయితే నిశ్చింతగా వెళ్లవచ్చు. రెండోది, సగం జీతం తీసుకుపోయే వాయిదా. అక్కడ ఆగి, కోర్సు, ఉద్యోగావకాశాలు, తిరిగి వచ్చే కాలం అన్నీ మళ్లీ చూసుకోవాలి. మూడోది, తోట అమ్మితే గాని, నోటు రాస్తే గాని కుదరని స్థితి. ఆ గీత దాటితే అది ఎంత పేరున్న విశ్వవిద్యాలయమైనా, మీరు అన్నిటికన్నా ఎక్కువగా కోరుకున్నదైనా, ఈ ఏడాదికి వద్దనుకోవాలి. వాయిదా అంకెలు వేసుకోవడం మీకు చిటికెలో పని, రోజూ రైతులకు చేసిపెడుతున్నదే.

ఇప్పుడు చేతిలో ఉన్న సీటు గురించి నా అభిప్రాయం దాచను: నాలుగో వంతు తగ్గింపుతో, తోట అమ్ముకుని, దాన్ని తీసుకోవద్దు. అయితే వద్దని చెప్పేముందు వాళ్లను ఒకసారి అడగండి. సహాయం పెంచమని అడగడం ఈ పాఠశాలల్లో మామూలే, మర్యాద తప్పడం కాదు. మీ కుటుంబ ఆదాయం, మీరు గీసుకున్న హద్దు, దానికీ వాళ్లిచ్చినదానికీ మధ్య ఎంత తేడా ఉందో ఆ అంకె, ఏ రూపంలోనైనా, ఫీజు తగ్గింపుగా గాని, ప్రొఫెసరుకు సహాయకురాలిగా పనిగా గాని ఆ తేడా తగ్గించగలరా అన్న ప్రశ్న రాసి, ఏప్రిల్ మొదటి వారంలోపు పంపండి. కొందరు పెంచుతారు, చాలామంది కుదరదంటారు. కుదరదన్నప్పుడు సీటును వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా అని కూడా అడగండి, ఒప్పుకునేవి తక్కువే గాని అడగడంలో పోయేదేమీ లేదు.

ఈ ఏడు వెళ్లకపోతే దారి మూసుకుపోదు. మీ జి.ఆర్.ఇ. ప్రవేశ పరీక్ష స్కోరు ఐదేళ్లు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు రెండేళ్లు చెల్లుతాయి. ఐదేళ్ల ఉద్యోగానుభవం ఉన్న మీకు, తిరిగి వచ్చి స్వదేశంలో పనిచేయాలన్న షరతు బరువు కాదు గనుక, ఆ షరతు పెట్టే పెద్ద స్కాలర్‌షిప్పులే సరిగ్గా సరిపోతాయి. బ్రిటన్ ప్రభుత్వపు చీవెనింగ్‌కు రెండేళ్ల అనుభవం చాలు, దరఖాస్తులు ఆగస్టులో మొదలవుతాయి. అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఉంది. దానికి మూడేళ్ల అనుభవం కావాలి, అందులో ప్రజా పరిపాలన ఒక విభాగం, గడువు సాధారణంగా మే నెలలో పడుతుంది. అంటే మీరు ఇప్పుడు మెయిల్ కోసం ఎదురుచూస్తున్న ఈ వారాల్లోనే ఆ దరఖాస్తు రాయవచ్చు. ప్రిన్స్‌టన్ లాంటిచోట చేర్చుకునేది కొద్దిమందినే అయినా, మాస్టర్స్‌లో చేరినవారందరి ఫీజూ వాళ్లే భరిస్తారు. వచ్చే ఏడు జాబితా తయారుచేసుకునేటప్పుడు పేరుకన్నా ముందు ఈ సంగతి చూడండి. మన దేశంలో నేషనల్ లా స్కూల్‌తోపాటు హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అజీం ప్రేమ్‌జీ కుటుంబ ఆదాయాన్నిబట్టి ఫీజు తగ్గిస్తుంది. ఆంధ్రప్రదేశ్ కౌలు చట్టం మీద పనిచేయదలచిన మనిషికి వీటిని రెండో రకంగా చూడవలసిన కారణం నాకైతే కనిపించదు. మీ పని గురించి చదివి, చర్చించి, సరిదిద్దగలిగే అధ్యాపకులు అక్కడ ఉంటారు.

ఈ నెల రోజులు ఎలా గడపాలని అడిగారు. ఏప్రిల్ వస్తే దాళ్వా (రబీ) కోతలు మొదలవుతాయి. ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర పంట ఎవరి పేరున నమోదైందన్నది బయటపడేది అప్పుడే, యజమాని పేరున నమోదై కౌలుదారు చేతికి డబ్బు రాని కేసులు మీ సంస్థ గుమ్మం తొక్కేదీ అప్పుడే. సెలవు పెట్టి ఇంట్లో కూర్చోకండి, కేంద్రాలకు వెళ్లండి. వెళ్లినచోటల్లా ఒక చిన్న పుస్తకంలో ఊరు, ఎకరాలు, కౌలు మాట ఎలా కుదిరింది, పత్రం ఉందా లేదా, లేకపోతే ఎందుకు లేదు అని రైతు పేరు లేకుండా రాసుకోండి. ఫుల్‌బ్రైట్ వ్యాసంలో గాని, వచ్చే ఏడు దరఖాస్తులో గాని, ఏ తరగతి గదిలో గాని ఆ పుస్తకం మీకు పనికొస్తుంది. మీరు ఎక్కడా చేరకపోయినా మీ సంస్థకు పనికొస్తుంది.

అంతకన్నా ముందు ఈ ఆదివారం నాన్నగారితో కూర్చోండి. "అమ్మేద్దాం" అన్న మాట ఆయన ప్రేమతో అన్నదే గనుక, ఆ ప్రేమను కాదన్నట్టు కాకుండా, పక్కన కూర్చుని వాయిదా లెక్క ఆయన చేతనే వేయించండి. ఇన్నాళ్లూ వడ్డీలు, కౌళ్లు, కొబ్బరి ధరలు చూసిన మనిషికి ఆ లెక్క మీకన్నా త్వరగా అర్థమవుతుంది. మూడు గీతల అంకెలు ఒక కాగితం మీద రాసి, కింద ఇద్దరూ సంతకం పెట్టి, తోట దస్తావేజు ఉన్న పెట్టెలోనే పెట్టండి. తరవాత సోమవారం సాయంత్రం వెయిట్‌లిస్టు ఉత్తరం పంపండి, ఆ వెనకే సహాయం పెంచమని రెండో ఉత్తరం పంపండి. మంగళవారం ఉదయం ఏడింటికి మెయిల్ చూసుకోండి.